ముచ్చిక కింద

గట్టుకు అవతల, వదినగారి తోటలో పెట్టిన బోనులో తల్లికోతి పిల్లను పొట్టకు కరుచుకుని కూర్చుంది. దాన్ని చూసినప్పటి నుంచి సత్యనారాయణమూర్తి గారికి జపంలో మనసు నిలవలేదు. ప్రతి శనివారం తన చేతిలోని అరటిపండు అందుకునే జీవి అది. కాసేపట్లో వ్యాను వస్తుంది. గోదావరి దాటించి ఏదో అడవిలో దింపేస్తారట.

“వదిలెయ్యండి వదినగారూ. పాపం మూటగట్టుకోకండి.”

“నా కొబ్బరిపిందెలు రాల్చిన పాపం ఎవరి మూటలో ఉందండీ?” అన్నారు భవానీదేవి. ఆవిడ ఆయన అన్నగారి భార్య. తోట పంచుకున్నాక ఇద్దరి మధ్యా మంచిమాట నడవలేదు. “మీరు పళ్ళు చూపించి పిలుస్తారు, అవొచ్చి నా చెట్లెక్కుతాయి. పుణ్యం మీకూ, నష్టం నాకూనా?”

మూర్తిగారు ఆవిడ చెట్ల కింద రాలిన పిందెలు ఏరి గట్టు మీద పరిచారు.

“కోతి కొరికితే కన్నం పడుతుందండి. ఏదీ, చూపించండి.”

ఒక్కదానికీ కన్నం లేదు. ఆయన ఒక పిందె ముచ్చిక ఊడదీశారు. ఆ మూత కింద పాలిపోయిన మచ్చ, దాని అంచున గోధుమరంగు పగుళ్ళు. జేబులోని భూతద్దం ఆవిడకిచ్చారు.

“ఆ కదిలే నలుసులే కొబ్బరికి పట్టే నల్లి. కోతి కడుపు నిండితే దిగిపోతుంది. ఇది పిందె పుట్టినచోటే కాపురం పెట్టి రసం పీలుస్తుంది. కోతిని కర్రతో అదిలించొచ్చు. దీన్ని గాలే మోసుకొస్తుంది.”

ఆవిడ భూతద్దం తిరిగివ్వలేదు. గట్టు దాటి ఆయన తోటలోకి నడిచి, అక్కడి పిందె ముచ్చిక పీకారు. అదే మచ్చ, ఇంకా ముదిరి ఉంది.

“ఆయ్, గాలి పడమటిదండి. మీ తోటా పడమరే. నేను ఏటా వేరుకు వేపమందు కట్టిస్తున్నాను. మరి మీరో?”

ఆయన కట్టించలేదు. మందు కట్టాలంటే లేతవేరు కోసి, ఆ కొసకు మందు పొట్లం తగిలించాలి. కల్పవృక్షం మీద కత్తి పెట్టనని తండ్రిగారి ఆబ్దికం నాడు నియమం పట్టారు. ఆ నియమాన్ని ఊరు మెచ్చుకుంటే సంతోషించారు కూడా.

“కోతిని మేపిందీ మీరే, నల్లిని మేపిందీ మీరేనన్నమాట. కోతే నయం, కనబడి తింది.”

“దాన్ని వదలండి.”

“వేరు కొయ్యండి, వదుల్తాను. ముందు కోత, తర్వాతే తలుపు.”

రోడ్డు మీద వ్యాను హారను మోగింది. ఆయన కండువా నడుముకు చుట్టి, తన చెట్టు మొదట్లో మోకరిల్లి, ఆవిడిచ్చిన కొడవలితో మన్ను తవ్వారు. లేతవేరు దొరికింది. కళ్ళు మూసుకోలేదు. కోశారు.

ఆవిడ గట్టు దాటి వెళ్ళి బోను తలుపు ఎత్తారు. తల్లికోతి పిల్లతో సహా దూకి, ఆయన వంకైనా చూడకుండా తోటలోకి పోయింది.

భవానీదేవి తన చెట్లకని తెచ్చుకున్న మందు పొట్లాలు ఆయన ముందు పడేసి, గట్టు మీద కూర్చున్నారు.

“మిగతా చెట్లు కూడా కానివ్వండి. నేనిక్కడే ఉంటాను.”