ప్రదానంలో ఒత్తు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన మరుసటి ఏడాది. ఆ దగ్గర్లోనే ఒక తెలుగు వెబ్‌సైటుకి కిరణ్మయి వార్తలు టైపు చేసేది. అంతకు ముందు పదకొండేళ్లు బెజవాడలో ఒక పత్రికకు ప్రూఫులు చూసింది. రామబ్రహ్మంగారు ఎదురుగా కూర్చుని రాతప్రతిని కామాలతో సహా పైకి చదివేవారు. ఆమె అచ్చుకాగితం మీద తప్పులు దిద్దేది. ఆ ప్రూఫుల విభాగం ఎత్తేశాక ఆయన గవర్నరుపేటలో విత్తనాల కొట్టులో చేరారు. ఈమె హైదరాబాదు వచ్చి బోరబండలో ఇల్లు కిరాయికి తీసుకుంది.

ఒక ఉదయం నిన్నటి వార్త తెరిచి చూసుకుని నాలుక కరుచుకుంది. తన చేతి తప్పులే.

"హేమంత్, ఎక్కించే ముందు ఒక మనిషి పక్కన కూర్చుని చదివితే చాలు," అంది.

ఆ వెబ్‌సైటు పెట్టిన కడప కుర్రాడు హేమంత్ తలెత్తలేదు. "ఎవురు చూస్తారక్కా? రేపటికి పాతదైపోతాది."

మధ్యాహ్నం ఆ పేజీని ప్రింటు తీసుకుని ఎస్టీడీ బూతుకి వెళ్లింది. ఏడాదిగా చేద్దామనుకుంటూ చేయని ఫోను. అటునుంచి రామబ్రహ్మంగారి గొంతు వినగానే కుశలం అడగడం కూడా మరిచిపోయింది.

"ఒక పేజీ చదువుతాను, వింటారా అండీ?"

"చదవండి కిరణ్మయిగారూ."

ఇన్నేళ్లకు ఆమె చదివింది, ఆయన విన్నారు. "పురస్కార ప్రధానం కామా..."

"ఆగండి. ఇవ్వడమేగా? ద కి ఒత్తెందుకు?"

"శాలువా తప్పి సత్కరించారు ఫుల్‌స్టాప్."

ఆయన పడీపడీ నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"అచ్చయిపోయింది కదా, ఇంకేం చేస్తాం," అన్నారు.

"లేదండీ, ఇప్పుడెళ్లి దిద్దొచ్చు. తప్పు పడిందని కూడా ఎవరికీ తెలీదు."

"మన రోజుల్లో అలా ఉంటే ఎంత హాయిగా నిద్రపోయేవాళ్లమో," అన్నారాయన.

బూతు నడిపే సీతాబాయి అద్దం మీద తట్టింది. "జర జల్ది కానియ్యమ్మా, మంది నిలబడ్డరు."

"ఇంకో పేజీ ఉందా?" ఆయన గబగబా అడిగారు.

ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే. "రేపు తెస్తానండీ," అంది.

ఆఫీసుకి వచ్చి ఒత్తు తీసేసింది, శాలువా కప్పించింది. హేమంత్ గమనించలేదు. తర్వాత సాయంత్రం దాకా, ఏ వార్త టైపు చేసినా, పెదవులు కదుపుతూ తనలో తానే చదువుకుంటూ ఉండిపోయింది.