అడవిపంది ఊరి చిల్లర

ఉదయం మ్యూజియంలో నాణేల గది తాళం తీయగానే చిల్లరక్క ముందు కిటికీ తెరిచేది. తర్వాత త్రాసు మీది గాజు మూత ఎత్తి, ఊపిరి బిగబట్టి, సున్నా సరిగ్గా ఉందో లేదో చూసుకునేది. ఆ గదిలో తూచేది ఊపిరికి కూడా కదిలే సరుకు. రెండున్నర వేల ఏళ్ల కిందట గ్రీకు ఊళ్లలో చేతులు మారిన వెండి చిల్లర. ఒక్కొక్కటీ చొక్కా గుండీ కన్నా చిన్నది. కొన్నయితే రెండు కలిపితే గానీ గ్రాము తూగవు. ఆ కాలం వాళ్లు వీటిని బుగ్గన పెట్టుకుని బజారుకు వెళ్లేవాళ్లు. దారిలో గట్టిగా తుమ్మితే ఆ పూట కొనుగోళ్లు లేనట్టే.

పెద్ద నాణేల మీద ఊరి పేరు ఉంటుంది. వీటి మీద పేరుకు చోటు చాలదు, బొమ్మే గుర్తు. గుడ్లగూబ ఉంటే ఒక ఊరు, తాబేలు ఉంటే ఒకటి, తేనెటీగ ఉంటే ఇంకొకటి. పుస్తకాల్లో ఆ ఊళ్లకు నోరు తిరగని పేర్లున్నాయి. గదిలో మాత్రం తాబేలు ఊరు, తేనెటీగ ఊరు అనే అనుకునేవాళ్లు. ముద్ర కొట్టినవాడు వెండి ముక్కను అచ్చులో పక్కకు పెట్టాడంటే బొమ్మ సగం బయటికి పోతుంది. మిగిలిన చెవినో తోకనో పట్టుకుని అది ఏ ఊరిదో, ఏ కాలానిదో చెప్పాలి. ఇరవై ఏళ్లుగా ఆమె పని అదే. చిల్లరక్క అని పేరు పెట్టింది ముసలి అటెండరు. అందులో వెక్కిరింత ఎంతో, మర్యాద ఎంతో ఆయనకే తెలియదు.

సాయంత్రం ఒక్కో నాణేన్ని సొరుగులో దాని గుంటలో పెట్టి, పైన దూది కుక్కేది. కుక్కకపోతే, ఒకే కుండలో పూడి ఉన్న నాణేలు రాత్రికి రాత్రి ఒకదాని దగ్గరికి ఒకటి పాకుతాయి. గడియారంలో చిన్న ముల్లు నడక వాటిది. మనిషి చూస్తుంటే కదలవు. వదిలేస్తే తెల్లారేసరికి గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు చేరతాయి. అన్ని వందల ఏళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నవి కదా. వ్యాపారులు విడివిడి కవర్లలో దూది వేసి అమ్మేది అందుకే.

ఆ సోమవారం ఇన్‌స్పెక్టర్ రెండు పొట్లాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఊరి బయట నీళ్ల పైపు కోసం తవ్విన కాలువలో పాత కుండ ఒకటి బయటపడింది. చీకటి పడ్డాక ఎవరో వచ్చి దాన్ని పగలగొట్టారు. అడ్డుపడ్డ కాపలావాణ్ని పారతో తల మీద కొట్టి, దొరికినంత ఎత్తుకుపోయారు. కాపలావాడు ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా కళ్లు తెరవలేదు. మట్టిలో రాలిపోయిన నాణేలు మొదటి పొట్లంలో ఉన్నాయి. రెండో పొట్లంలోవి, నాణేల దుకాణాలు సోదా చేసినప్పుడు ఒక రేకు డబ్బాలో దొరికినవి. ఆ దుకాణం చిల్లరక్క బావది. బావ అప్పటికే జైల్లో ఉన్నాడు.

"మీ బావగారని తెలుసమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ పని చెయ్యగలిగినవాళ్లు ఇంకెవరూ లేరన్నారు డైరెక్టర్ గారు. మేజిస్ట్రేట్ గారు కూడా ఒప్పుకున్నారు. పాకేది నాణేలు గానీ మరదలు కాదు కదా అన్నారు."

ఆమె భూతద్దం తీసింది.

ఒక వైపు అడవిపంది తల, ముందుకాళ్లు. దాని వీపు వెనక నిలువుగా ఒక చేప. రెండో వైపు నోరు తెరిచిన సింహం. రెండు పొట్లాల్లోనూ అవే బొమ్మలు, అదే తూకం. ఆ సింహం తల పైన కొన్నిటికి నక్షత్రం ఉంటుంది, కొన్నిటికి ఉండదు. అది కనబడితే ఈ విడత వేరు, ఆ విడత వేరు అని చెప్పొచ్చు. కానీ ఇంత చిన్న ముక్కల మీద నక్షత్రం ఉండాల్సిన చోటే అంచు దాటిపోయింది. మధ్యాహ్నం దాకా చూసి ఆమె తల ఎత్తింది.

"అడవిపంది ఊరు. రెండూ."

"ఒకటేనన్నమాట."

"ఊరు ఒకటే. కుండ ఒకటే అని నేను అనలేదు."

"ఎక్కడివయ్యా అంటే, సంతలో ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర కొన్నానంటాడు మీ బావ. నేను పట్టుకున్న ప్రతివాడూ ఆ సంతకే వెళ్తాడమ్మా. ఆ ముక్కూ మొహం లేనివాడికి వ్యాపారం బాగా సాగుతున్నట్టుంది."

కళ్లతో తేలనప్పుడు ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు. రెండు కుప్పల్నీ ఒక బల్ల మీద విడివిడిగా వదిలేస్తే, తెల్లారేసరికి తేలిపోతుంది. డబ్బాలోవి కాలువలోవాటి దగ్గరికి పాకితే, బావ ఆ రాత్రి కాలువ దగ్గర ఉన్నట్టే. కాపలావాడు బతికినా బావకు చాలా ఏళ్లు పడతాయి. బతక్కపోతే ఇక బయటికి రాడు.

అడవిపంది ఊరి నాణేలు మ్యూజియానికి కొత్త కాదు. గోడవారన మూడో బీరువాలో ఒక సొరుగు నిండా ఉన్నాయి. అవి నాన్న తెచ్చినవి. నాన్న సర్వేయరు. వయసులో ఉండగా ఎక్కడో పొలం కొలుస్తుంటే కుండ దొరికింది. దాన్ని సైకిల్ మీద పెట్టుకుని తిన్నగా మ్యూజియానికి తెచ్చి ఇచ్చేశాడు. బహుమానం ఇస్తామంటే వద్దన్నాడు. పత్రిక మొదటి పేజీలో వేసింది. ఆ ఫొటో గది గుమ్మం పక్కనే ఉంది. నాన్న పోయి మూడేళ్లయినా, ఒక్క నాణెం కూడా ఉంచుకోని మనిషి అనే చెప్పుకునేవాళ్లు ఊళ్లో. అక్క అయితే అడగనివాళ్లకు కూడా చెప్పేది.

సాయంత్రం ఆమె అక్క ఇంటికి వెళ్లేసరికి అక్క బావ చొక్కా ఇస్త్రీ చేస్తోంది, కోర్టుకు పంపడానికి.

"రేపు పెడుతున్నావటగా బల్ల మీద," అంది అక్క, తల ఎత్తకుండా.

"రేపు మధ్యాహ్నం. ఎల్లుండి పొద్దున్న చూస్తాం."

"మధ్యలో ఒక గాజు పలక నిలబెడితే ఏం పోయిందే? దారి లేకపోతే అవి మాత్రం ఎక్కడికి పోతాయి?"

"అక్కా."

"ఏం, అక్కా? నా మొగుడు గోడ మీద బల్లిని కొట్టమంటే కొట్టలేడు. పార పట్టుకుంటాడా?"

"మరి పలక దేనికి?"

అక్క ఇస్త్రీ చేసిన కాలరు మీదే మళ్లీ ఇస్త్రీ పెట్టె నడిపింది. "నాకు తెలియదే. సంతలో కొన్నానన్నాడు. ఆయన అబద్ధం ఆడితే ఎడమ చెవి గోక్కుంటాడు. ఆ రోజు గోక్కున్నాడు."

చొక్కా తిప్పి వీపు వైపు పరిచింది.

"నాన్న ఉండుంటే నాకు ఈ గతి పట్టనిచ్చేవాడా?" అంది అక్క.

"నాన్న ఉండుంటే పలక పెట్టనిచ్చేవాడు కాదు."

"అవును. అదొక్కటి నిజం," అని అక్క చొక్కా మడత పెట్టింది.

మర్నాడు గది మధ్యలో పొడుగు బల్ల మీద పచ్చ బట్ట పరిచి, ఒక చివర కాలువ నాణేలు, మధ్యలో డబ్బా నాణేలు వేశారు. రెండో చివర ఖాళీ. దానికి అవతల గోడ, బీరువాలు. కిటికీకి ఇన్‌స్పెక్టర్ స్వయంగా లక్క ముద్ర వేశాడు. ఆమె తలుపు తాళం వేసి, తాళంచెవి అతని ముందుకు చాపింది.

"మీ దగ్గరే ఉంచండమ్మా," అన్నాడతను గుమ్మం పక్క ఫొటో వైపు చూసి. "ఆయన కూతురి దగ్గర కాకపోతే ఎవరి దగ్గర ఉంచను?"

బుధవారం ఆమె అందరికన్నా ముందే వచ్చింది. కాలువ నాణేలు ఒకదాని మీదొకటి ఎక్కి ముద్దలా ఉన్నాయి. డబ్బా నాణేలున్న చోట ఒక్కటీ లేదు. దొంగలు పడ్డారేమో అనుకుంది ముందు. కిటికీ ముద్ర చెక్కుచెదరలేదు. అప్పుడు పచ్చ బట్ట మీద వంగి చూసింది. నూగు మీద సన్నటి గీతలు, చీమలు నడిచినట్టు. కాలువ నాణేల వైపు ఒక్క గీతా లేదు. అన్నీ ఖాళీ చివరకు వెళ్లి, బల్ల అంచు దగ్గర ఆగాయి.

నాణేలు కింద ఉన్నాయి. చెక్క నేల మీద పాక్కుంటూ వెళ్లి, మూడో బీరువా కాళ్ల దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటూ చేరి ఉన్నాయి. కొన్ని బీరువా చెక్కకు ఆనుకుని అంచు మీద నిలబడ్డాయి.

ఆమె నాన్న సొరుగు లాగింది. దూది పైకి లేచిపోయి ఉంది. లోపలి నాణేలన్నీ గుంటల్లోంచి బయటపడి, ముందు చెక్కకు అతుక్కుని ఉన్నాయి.

ఊళ్లు గుర్తుపట్టడం ఇరవై ఏళ్లుగా చేస్తున్న మనిషికి ఇది చదవడానికి క్షణం పట్టదు. కుండ ఒకటే. దాన్ని రెండు చేసినవాడు, నిండుగా ఉన్నప్పుడు చేతిలో పట్టుకున్నవాడు. అలా పట్టుకున్న మనిషి ఒక్కడే.

ఆమె నేల మీద కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ రావడానికి ఇంకా టైముంది. వీటిని ఏరి బల్ల మీద వేసి, కదల్లేదు అని రాస్తే చాలు. బావ ఇంటికొస్తాడు. ఫొటో గోడ మీదే ఉంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఒక నాణెం తీసి బల్ల మీద పెట్టింది. ఇంకొకటి పెట్టింది.

అటెండరు చీపురుతో వచ్చాడు. "ఏంటక్కా, పొద్దున్నే నేల మీద కూర్చున్నావు? కిందపడ్డాయా? ఉండు, ఊడ్చి ఒక్కచోటికి చేరుస్తా."

ఆమె ఆ చీపురు వైపు చూసింది. ఊడిస్తే బావ మాత్రం దొంగ కాకుండా పోతాడు. ఈ నాణేలు ఎక్కడివి అని ఇక ఎవరు అడిగినా, తెలియదు అని తను చెప్పాలి. తెలియదు అని ఆమె చాలాసార్లు రాసింది. తెలిసి ఎప్పుడూ రాయలేదు.

"ఊడవకు బాబాయ్," అంది. "ఇన్‌స్పెక్టర్ గారు వచ్చేదాకా ఇటు ఎవరినీ తొక్కనివ్వకు."

బల్ల మీద పెట్టిన రెండు నాణేలూ తీసి, ఎక్కడివక్కడ నేల మీద పెట్టేసింది.

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాడు. బీరువా చూశాడు. సొరుగు చూశాడు. లేచి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"కాలువ వైపు ఒక్కటీ పోలేదు," అన్నాడు.

"పోలేదు."

"నాకు కావలసింది అదే. అంతవరకు రాసిస్తే చాలమ్మా."

"పోలేదంటే, మరి ఎటు పోయాయని అడుగుతారు కదా."

"అడక్కపోవచ్చు."

"నేను రాస్తాను," అంది.

బావను వదిలేశారు. పారతో కొట్టినవాడి కోసం వెతుకులాట మళ్లీ మొదటికొచ్చింది. అప్పట్లో మొదటి పేజీలో వేసిన పత్రికే, ఈసారి లోపలెక్కడో నాలుగు వాక్యాలు వేసి ఊరుకుంది.

జైలు గేటు దగ్గరికి చిల్లరక్క ఒక్కతే వెళ్లింది. బావ బుగ్గలు లోపలికి పోయాయి. ఇస్త్రీ చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

"ఏం మరదలా, నువ్వొక్కదానివే వచ్చావు?"

"అక్క వంట చేస్తోంది."

బస్టాపు దాకా నడిచారు. బావ మాటిమాటికీ ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

"షాపు తెరిచిన రోజు ఇచ్చాడు మామయ్య ఆ డబ్బా," అన్నాడు. "ప్రాణం మీదికి వస్తే తప్ప తియ్యొద్దన్నాడు. ఎక్కడివని నేను అడగలేదు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ వారంలోనే. డబ్బా ఎటు తిప్పి పెట్టినా పొద్దున్నకల్లా అన్నీ ఒకే మూలకు చేరేవి. ఆ మూల నుంచి తిన్నగా గీత గీస్తే మీ మ్యూజియం."

"ఇన్నేళ్లూ చెప్పలేదే."

"ఎవరితో చెప్పను? మీ అక్కతోనా? ఆవిడ నాతో మాట్లాడిన మొట్టమొదటి మాటే, మా నాన్న ఒక్క నాణెం కూడా ఉంచుకోలేదండీ అని."

"జీవితమంతా లోపలే ఉండేవాడివి బావా."

"ఉండేవాణ్ని." అతను కోపంగా అనలేదు. "మీ అక్క దృష్టిలో నేనొక్కణ్నే దొంగనయ్యేవాణ్ని. మొగుడు దొంగైతే ఆడదానికి ఇంకా పుట్టిల్లు ఉంటుంది. నోరు మూసుకుని అక్కడ కూర్చున్నది దానికే. నువ్వు ఒక్క పొద్దుట తెరిచేశావు."

బావ మళ్లీ ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"మీ అక్క ఏమంటోంది?"

"నాతో మాట్లాడట్లేదు. నిన్ను తీసుకురమ్మని కూడా పక్కింటావిడ చేత చెప్పించింది."

బావ నవ్వబోయి దగ్గాడు. "వంట ఎంతమందికి?"

"ఇద్దరికి."

బస్సు వచ్చింది. బావ ముందు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, "ఇద్దరిది ముగ్గురం తింటే ఎవరూ చావరు. ఎక్కు," అన్నాడు.

"నాకు పనుంది బావా."

"ఎక్కవే."

ఆమె మెట్టు మీద కాలు పెట్టలేదు. కండక్టరు రెండుసార్లు ఆమె వైపు చూసి బెల్లు కొట్టాడు. బస్సు కదిలింది. బావ చెయ్యి ఊపలేదు. పక్క సీటు మీద అరచెయ్యి పరిచి, ఎవరూ కూర్చోకుండా, మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకుని ఉన్నాడు.