ఎడమవైపు టేపు

ఆగండి, పేజీ తిప్పకండి, ఒక్క ఐదు నిమిషాలు నా మాట వినండి. శనివారంలోపు నేనొకటి తేల్చుకోవాలి, నాకేమో తేలి చావడం లేదు.

మా బావ జీపు నడుపుతాడు. కొండ మీదికి పోయే మట్టిదారిలో సాయంత్రాలు సందర్శకులను ఎక్కించుకెళ్లి, పొద్దు కుంకడం చూపించి దించుతాడు. ఇల్లు గడిచేది దాని మీదే. దారి మరీ పాడైన చోట మా అక్క దిగి, జీపుకి ముందు ఎడమపక్కన నడుస్తూ ఏ చక్రం ఎటు పెట్టాలో చేతులతో చూపిస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ అంతే, ఇంకెవరు చూపించినా బావ బండి కదపడు.

ఆరు నెలల కిందట బావ నాకు ఫోన్ చేసి, "ఏమే మరదలు పిల్లా, ఆ బండ్ల వీడియోలు చూసి చూసి సగం మెకానిక్‌వి అయ్యావు కదా, నా జీపుకి అదనపు లైట్లు నువ్వే చూసి పెట్టు" అన్నాడు. ఇంకేముంది, నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. దూరం కొట్టేవి, వెడల్పుగా పరిచేవి, పైకప్పు మీద పట్టీలా పెట్టేవి, దుమ్ములో పనికొచ్చే పసుపువి, అన్నీ నోట్‌బుక్‌లో గీతలు గీసి మరీ పోల్చాను. నా మనసంతా దూరం కొట్టే వాటి మీదే ఉంది. బావది మాత్రం ఒకటే పాట.

"దూరం వద్దే, పక్కలు కనబడాలి."

"దారి ముందుంటుంది బావా, పక్కన ఏముంటుంది?"

"మీ అక్క ఉంటుంది."

అక్క పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

బిగించడానికి ఫ్యూజ్ బాబాయ్ షెడ్డుకి వెళ్లాం. ఆయన బండ్ల కరెంటు పని చేస్తాడు. ఎవరికైనా జ్వరం వచ్చిందన్నా ముందు ఫ్యూజ్ చూశారా అని అడిగే రకం, అందుకే ఆ పేరు. పైకప్పు మీద పెడితే వెలుగు బానెట్ మీద పడి తిరిగి మన కళ్లలోకే కొడుతుందని ఆయనే చెప్పాడు. చివరికి బంపర్ మీద రెండు వెడల్పాటి పసుపు లైట్లు ఖాయం చేశాం. బ్రాకెట్లు నేనే బిగించాను. బాబాయ్ రిలే పెట్టి, హెడ్‌లైట్ డిమ్ చేయగానే అవి కూడా ఆరిపోయేలా వైరింగ్ చేశాడు.

"ఎందుకు బాబాయ్, వేరే స్విచ్ పెట్టొచ్చుగా?" అన్నాను.

"ఎదుటివాడి కళ్లలో కొడితే వాడు లోయలోకి పోతాడమ్మా. దారి మనొక్కళ్లదే కాదుగా."

తర్వాత లైట్ల చూపు సరిచేయడం. సాయంత్రం మసక పడుతుండగా షెడ్డు గోడకి ఇరవై ఐదు అడుగుల దూరంలో జీపు నిలిపి, గోడ మీద మధ్యన ఒకటి, చెరో పక్కన ఒకటి తెల్ల టేపు అంటించాం. పక్కల వెలుగు టేపు దాటకూడదు. బావ సీట్లో కూర్చున్నాడు, నేను స్పానర్ పట్టుకుని బంపర్ దగ్గర, బాబాయ్ గోడ దగ్గర.

"బావా, వెలుగు ఎడమ టేపు దాకా వచ్చిందా?"

"టేపు ఎక్కడే?"

"ఇక్కడయ్యా, నేను నిలబడ్డ చోట" అని బాబాయ్ గోడ మీద తట్టాడు.

"అక్కడే ఉన్నావా బాబాయ్, టీకి వెళ్లావనుకున్నా."

నేను పడీ పడీ నవ్వాను. బాబాయ్ నవ్వలేదు. నా వైపు చూసి ఏదో అనబోయాడు. నేనే ఆగకుండా, "ఉండండి, లైటు సరిగ్గా తిరగలేదు" అని నట్టు వదులు చేసి ఎడమ లైటుని బయటికి తిప్పుతూ పోయాను.

"ఆ, ఇప్పుడు కనబడ్డాడు" అన్నాడు బావ.

వెలుగు టేపు దాటి మూరెడు అవతలికి పోయింది.

"కొలత ప్రకారం ఇందాకే సరిగ్గా ఉందమ్మా" అన్నాడు బాబాయ్ మెల్లగా.

"బావకి నచ్చింది కదా బాబాయ్" అని నట్టు బిగించేశాను. జీపు ముందు నిలబడి ఫొటో కూడా దిగాను. ఆ ఫొటో ఇప్పుడు నేను తెరవలేను.

మొన్న గురువారం వాన వెలిశాక దారి ఎలా ఉందో చూద్దామని ముగ్గురం బయల్దేరాం. వెలుతురు పలచబడుతోంది. మలుపు దగ్గర పెద్ద గాడి పడి ఉంటే అక్క దిగి ఎడమపక్కన నిలబడి, "రానీ, రానీ, కొంచెం కుడి" అంటోంది. పసుపు వెలుగులో తన చేతి గాజులు కూడా కనబడుతున్నాయి. అంతలో పై నుంచి ఇంకో జీపు వచ్చింది. బావ అలవాటు కొద్దీ మర్యాదగా డిమ్ చేశాడు. మా పసుపు లైట్లు ఆరిపోయాయి. అయినా వెనక సీట్లోంచి నాకు అక్క కనబడుతూనే ఉంది. ఆపు అన్నట్టు చెయ్యి ఎత్తింది. బావ ఆపలేదు.

చక్రం అక్క పాదం అంచు మీదుగా పోయింది. రెండు ఎముకలు విరిగాయి.

"నేనే దగ్గరగా నిలబడ్డాను, ఆయన్నేం అనకండి" అని కట్టు కడుతున్నంతసేపూ అక్క అందరికీ చెబుతూనే ఉంది.

ఆసుపత్రి మెట్ల మీద బావ నా పక్కన కూర్చున్నాడు.

"రెండేళ్లయింది. మసక పడితే పక్కలు కనబడవు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుంది."

"డాక్టరుకి చూపించలేదా?"

"చూపిస్తే బండి నడపొద్దని రాసిస్తాడు. ఇంకో పని నాకేం వచ్చు?" నా వైపు తిరిగి, "అక్కకి చెప్పకు. ఆ వైరింగ్ మార్చెయ్, డిమ్ చేసినా మన లైట్లు ఆరకుండా. శనివారం ఆరుగురు వస్తున్నారు, అక్క లేకుండానే పోవాలి" అన్నాడు.

పది నిమిషాల పని అది. ఒక వైరు తీసి ఇంకో చోట పెట్టడం, అంతే. బాబాయ్‌ని అడిగితే చెయ్యడని బావకి తెలుసు, అందుకే నన్ను అడిగాడు. ఆ రోజు గోడ దగ్గర నేను లైటు తిప్పే బదులు, బావా నీకు టేపు నిజంగా కనబడటం లేదా అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. నేను లైటునే చూశాను, మనిషిని చూడలేదు.

ఇందాక అక్క ఫోన్ చేసింది. "కట్టు విప్పగానే మళ్లీ నేనే ముందు నడుస్తానే, ఇంకెవరు నడిచినా మీ బావకి భయం" అని నవ్వింది. ఊ కొట్టి ఫోన్ పెట్టేశాను.

స్పానర్ నా బల్ల మీదే ఉంది. చెబితే బావ బతుకుతెరువు పోతుంది, చెప్పకపోతే అక్క మళ్లీ ఆ ఎడమపక్కనే నిలబడుతుంది. మీరైతే ఏం చేస్తారు?