దశరథం పటేల పాపాల చాటింపు

దశరథం పటేల అంత వినయవంతుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. చూడాలన్న కోరికా లేదు. ఆ ఒక్కడి వినయాన్ని మోయడానికే మా ఊరంతా కలిసినా చాలేది కాదు.

మాది ఖానాపూర్ పక్కన చిన్న ఊరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయి ఉంటుంది. నా పేరు గంగయ్య. రాముల వారి గుళ్ళో భజన మండలికి హార్మోనియం వాయించేవాణ్ణి. పాడేవాళ్ళు ఎవరు శ్రుతి తప్పినా తిట్లు నాకే పడేవి. అందుకేనేమో, మనిషి గొంతులో కల్తీ ఉంటే నాకు ఇట్టే తెలుస్తుందని నా నమ్మకం. మా ఆవిడ నమ్మదు.

పటేల మా ఊళ్ళో పెద్ద రైతు. పసుపు పండిస్తాడు. బడిలో చదివింది ఉర్దూ. పద్యాలు మాత్రం నిర్మల్‌లో ఒక అయ్యగారి ఇంటికి పసుపు బస్తాలు పంపి నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఊరుకుంటాడా? రాముడి మీద శతకం మొదలుపెట్టాడు. ప్రతి పద్యం చివరా తాను దాసుడికి దాసుణ్ణనే మకుటం.

"పేరు దశరథం పెట్టుకోని రామునికి దాసుణ్ణంటవేందే? వరుసకు కొడుకు గద నీకు" అని ముత్యం ఒకసారి నవ్వులాటకు అన్నాడు. ముత్యం భజన మండలికి పెద్ద, కిరాణా దుకాణం నడిపేవాడు.

పటేల చేతులు జోడించి, కళ్ళు సగం మూసి, "దాసుణ్ణి అనుకునేటంత గొప్పోణ్ణి గూడ కాదు ముత్యం. దాసుని చెప్పులకంటిన దుమ్మును" అన్నాడు.

ముత్యం ఆ తర్వాత ఆయనతో నవ్వులాటకు పోలేదు.

శతకం నిండా ఆయన పాపాలే. నేను మూఢుణ్ణి, క్రూరుణ్ణి, కామాంధుణ్ణి, పురుగుకన్నా హీనుణ్ణి, నా దురితాలు లెక్కపెడితే ఇసుక రేణువులు చాలవు, ఇదీ వరస. భక్తి కవులు తమను తాము తిట్టుకోవడం పాత మర్యాదే, నేను కాదనను. దేవుడి ముందు నిలబడి నేను చాలా మంచివాణ్ణి అనేవాడికి దేవుడితో పనేముంది? కానీ మా పటేల తనను తాను తిట్టుకుని, తిట్టు ఎంత బాగా కుదిరిందో అని చుట్టూ చూసేవాడు. "పాతకులలో అగ్రగణ్యుణ్ణి" అనేటప్పుడు చెయ్యి మీసం మీదికి పోయేది. పాపుల్లో కూడా ఆయనకు మొదటి పీటే కావాలి.

ఆయన భార్య నర్మదమ్మను అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసింది. "పద్యంల పాపి, ఇంట్ల పరమాత్ముడు. ఎడ్లకు కుడితి పెట్టుడు మర్శినవంటె, ఎడ్లే తాగలేదంటడు."

పటేలకు రెండు కోరికలుండేవి. ఒకటి, శ్రీరామనవమి సప్తాహంలో ఏడు సాయంత్రాలూ శతకం చదివి, చివరి రోజు మండలి చేత శాలువా కప్పించుకుని 'వినయభూషణ' అనే బిరుదు పొందడం. రెండోది ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప. అంతకుముందు ఎండాకాలం మా ఊరికి పద్య నాటకం వచ్చింది. ఒక్కో పద్యానికీ జనం "వన్స్ మోర్" అని గోల. ఇంగ్లీషు ముక్క తెలియని ముసలమ్మలు కూడా అరిచారు. అందరికన్నా గట్టిగా అరిచింది మా ఊరి మల్లక్క.

"గంగయ్యా, జిందగీల ఒక్కపారి, నా పద్యానికి ఎవలన్న వన్స్ మోర్ అంటె, గా రోజు సచ్చిపోయినా ఫికర్ లేదు" అన్నాడు పటేల. అప్పుడు మాత్రం ఆయన గొంతులో కల్తీ లేదు. నాకు జాలేసింది.

సప్తాహం ముందు రోజు చాటింపు వేయాలి. డప్పు కొట్టే రాయమల్లు ముత్యం దుకాణానికి వచ్చి, శతకమంటే ఏందని అడిగాడు. ముత్యం బెల్లం తూస్తున్నాడు. తల ఎత్తకుండానే, "పటేల తన పాపాలు దేవునికి చెప్పుకునుడు" అన్నాడు. రాయమల్లు అది తీసుకుపోయి వాడవాడనా కొట్టాడు.

"విన్నరా వినుండ్రి! దశరథం పటేల జేసిన పాపాలన్నీ రేపటిసంది రాముల వారి గుళ్ళె ఇప్పి చెప్తడు! ఒక్కటి గూడ దాయడు! పిల్లా జెల్లా అందరు రావాలె!"

వచ్చారు. నా ఎరుకలో ఆ గుడికి అంతమంది ఎన్నడూ రాలేదు. పక్క ఊరి వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. పటేల ఆ జనాన్ని చూసి, భక్తి ఇంత పెరిగిందా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చాటింపు వేళకు ఆయన చేనులో ఉన్నాడు, ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్తారు? నేనైతే చెప్పలేదు. ముత్యం అసలే చెప్పలేదు.

మొదటి సాయంత్రం జనం చెవులు రిక్కించి కూర్చున్నారు. "కామాంధుణ్ణి" అన్న మాట రాగానే ఆడవాళ్ళందరూ నర్మదమ్మ వైపు తిరిగారు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "పొద్దుగూకితె గుర్రు వెడ్తడు, గాయింత ముచ్చటకు ఏం సూస్తరే" అంది. నవ్వులు. పటేల అవి ఆనందబాష్పాలకు ముందు వచ్చే నవ్వులనుకున్నాడు. మూడో సాయంత్రానికి జనం సగమయ్యారు. పాపాలన్నీ సంస్కృతంలో ఉన్నాయి, పేర్లూ లేవు, ఊర్లూ లేవు, ఎవరికి కావాలి?

మానకుండా వచ్చింది మల్లక్క ఒక్కతే. మగడు పోయాడు. కొడుకు కొమురెల్లి బెల్లంపల్లిలో బొగ్గుబాయి పనిలో ఉన్నాడు. జొన్న కోతల కాలం. చేనులో నుంచి నేరుగా వచ్చి, కొడవలి స్తంభం పక్కన పెట్టి, ముందు వరసలో కూర్చునేది. పద్యం మొదలైతే మెడ ముందుకు చాచేది. పద్యం అయిపోగానే నిట్టూర్చి వెనక్కి వాలేది. మళ్ళీ పద్యం, మళ్ళీ మెడ.

"చూసినవా గంగయ్యా, నా పద్యాలంటె మల్లక్కకు పానం" అన్నాడు పటేల.

నేనూ అదే అనుకున్నాను. ఆ సాయంత్రం హార్మోనియం పెట్టెలో పెడుతుంటే మల్లక్క దగ్గరికొచ్చింది.

"ఇయ్యాల గూడ రాలే గంగయ్యా."

"ఏంది రాలే?"

"నాది. నా బండి బాట."

అప్పుడు గానీ నాకు వెలగలేదు. మల్లక్క చేనూ పటేల చేనూ పక్కపక్కనే. మధ్యలో గెట్టు. గెట్టుకు ఇవతల, మల్లక్క భూమిలోనే, ఆమె బండి పోయే బాట. ఏటా దున్నకాలంలో పటేల నాగలి గెట్టు మీద ఒక్క సాలు ఎక్కువ నడిచేది. ఒక్క సాలే కదా, ఎవరి కంటికి ఆనుతుంది? సాలు సాలుగా గెట్టు జరిగి జరిగి, చివరికి బాట పటేల పసుపులో కలిసిపోయింది. ఇప్పుడు మల్లక్క జొన్న కట్టలు నెత్తిన పెట్టుకుని, గెట్టు మీద ఒక కాలు ముందు ఒక కాలు వేసి నడుస్తుంది. ఊరి తగాదాలు చూసే పోలీసు పటేలుకు చెప్పుకుంటే "చూద్దాం" అన్నాడు. ఆయన మా పటేలకు స్వయానా బావమరిది. ఊరందరికీ తెలుసు. తెలిసిన సంగతులు మాట్లాడకపోవడం మా ఊరి పద్ధతి.

"గవి పద్యాలు మల్లక్కా. గట్ల రావు" అన్నాను.

"ఎట్ల రావు? పాపాలన్నీ చెప్తడని సాటింపు ఏసిరి గద. ఒక్కటి గూడ దాయడనిరి. పెద్ద పెద్దయి ముందుగాల చెప్తుండొచ్చు. నాది చిన్నది, ఎనుక వస్తది."

 మర్నాడు పటేలను కొంచెం కదిపి చూద్దామని, "మల్లక్క మీ పద్యాలల్ల ఏందో దేవులాడుతున్నది పటేలా" అన్నాను.

"మోక్షం" అన్నాడు పటేల.

ఆ మనిషికి ఇక నేనేం చెప్పను? పైగా నన్ను వాళ్ళింటికి తీసుకుపోయి శాలువా కప్పడం అభ్యాసం చేయించాడు. నేను ముత్యాన్నట, నర్మదమ్మ దుప్పటి శాలువా అట. నేను కప్పబోతే ఆయన ఒకసారి వద్దంటాడు. మళ్ళీ కప్పబోతే వెనక్కి అడుగేసి రెండోసారి వద్దంటాడు. మూడోసారి తల వంచి, "రాముని ఆజ్ఞ" అని కప్పించుకుంటాడు. వెనక్కి వేసే అడుగు సరిగా రాలేదని చాలాసేపు చేయించాడు. నర్మదమ్మ వాకిట్లో పొట్టపట్టుకుని నవ్వుతూనే ఉంది.

చివరి సాయంత్రం బిరుదు చూద్దామని జనం మళ్ళీ నిండారు. మల్లక్క తన చోటులో తను కూర్చుంది. ఆ రోజు మెడ చాచినది చాచినట్టే ఉంచింది. నా వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఉన్నా చూపు ఆమె మీదే ఉంది. ఎట్లాగైనా ఆ గెట్టు పద్యంలోకి రావాలని రాముడికి మొక్కుకున్నాను కూడా. రాలేదు. నూట ఎనిమిదో పద్యం అయిపోయింది. పటేల రాగం దించి, కళ్ళు తుడుచుకున్నాడు. ముత్యం శాలువా విప్పాడు.

"ఈ అల్పునికి ఎందుకు" అని పటేల ఒకసారి వద్దన్నాడు.

మల్లక్క లేచి నిలబడింది. "జర ఆగుండ్రి. ఇంకొకటి ఉన్నది గద?"

"అయిపోయినయి మల్లక్కా" అన్నాడు ముత్యం.

"మరి నాది రాలేదేంది? ఏడు రోజులాయె, కోతలు ఇడిశిపెట్టి వస్తున్న. బండి బాట సంగతి ఎక్కడ చెప్పిండు?"

 ముత్యం కంగారుగా, "గవి కవిత్వానికి చెప్పేటియి మల్లక్కా, నిజంగ చేసినయి కావు" అన్నాడు.

"చెయ్యనియి చేసిన్నని దేవునికి ఎందుకు చెప్పుడు? చేసిందేమో చెప్పకపాయె!"

పటేల మొహం పసుపు కొమ్ములా అయింది. "అక్కా, దురితములు అన్న గద. గా మాటల అన్నీ వస్తయి" అన్నాడు.

"గంత పెద్ద మాటల నా బాట కనవడుతలేదు పటేలా. గందుకే అడుగుతున్న."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఇబ్బంది. కోపం ఉంటే పటేలకు తేలికయ్యేది. వారం రోజులు ఓపిగ్గా కూర్చుని, తన వంతు రాకపోతే అడిగిన మనిషి గొంతు అది. వినడానికి నాకే కష్టమైంది.

పటేల నా వైపు చూసి, శ్రుతి పట్టమన్నట్టు చెయ్యి ఊపాడు. అప్పటికప్పుడు పద్యం కడతాడు కాబోలనుకుని పట్టాను. "ఆ..." అని రాగం ఎత్తాడు. రాగం అయిపోయింది, పద్యం రాలేదు. మళ్ళీ ఎత్తాడు. పురుగునూ కీటకాన్నీ అవలీలగా పట్టుకొచ్చే నోటికి గెట్టు రావడం లేదు. తిత్తి ఊది ఊది నా చెయ్యి పడిపోతోంది. చివరికి ఆయన నా చేతి మీద చెయ్యి వేసి ఆపేశాడు. 

"మల్లక్కా" అన్నాడు. మామూలు గొంతు. ఏడు రోజుల్లో మొదటిసారి విన్నాం. "ఏటా ఒక సాలు నీ దిక్కు జరిపి దున్నిన. జీతగాళ్ళు కాదు, నాగలి నేనే వట్టిన. నీ బాట నా చేన్ల కలుపుకున్న. తప్పు నాదే."

అంతే. మీసం మీదికి చెయ్యి పోలేదు. చుట్టూ చూడలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

 మల్లక్క రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, నాటకం రోజున అరిచినట్టే అరిచింది.

"వన్స్ మోర్!"

ఎవరో కిసుక్కుమన్నారు. వెనక నుంచి రాయమల్లు అందుకున్నాడు. తర్వాత ఆడవాళ్ళు, తర్వాత గుడంతా. "వన్స్ మోర్! వన్స్ మోర్!" అందరికన్నా గట్టిగా నర్మదమ్మ. పోలీసు పటేలు ఒక్కడే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

పటేల తల ఎత్తాడు. నవ్వాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు, నాకూ తెలియలేదు. మళ్ళీ చెప్పాడు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఒక్క ముక్క మార్చకుండా, ఈసారి మల్లక్క మొహం చూస్తూ చెప్పాడు.

ముత్యం ఇదే సమయమని శాలువా పట్టుకుని మీదికొచ్చాడు. పటేల రెండోసారి వద్దన్నాడు. అడుగు వెనక్కి వేయడం మరిచిపోయాడు. ముత్యం మళ్ళీ కప్పబోయాడు. పటేల మూడోసారి కూడా వద్దన్నాడు. మూడోది మా అభ్యాసంలో లేదు.

మర్నాడు పొద్దున ఆయనే పార పట్టి గెట్టు తవ్వి, పాత చోటికి జరిపి పోశాడు. సాయంత్రానికి మల్లక్క చొప్ప బండి ఆ బాటన ఇంటికి వచ్చింది.

శతకం తర్వాత నిర్మల్‌లో అచ్చయింది. ఇంటికొక పుస్తకం పంచాడు. అందులో ఒక్క పద్యం నోటికి వచ్చినవాడు మా ఊళ్ళో లేడు. ఆనాటి ఆ నాలుగు మాటలు మాత్రం పసిపిల్లలతో సహా అందరికీ వచ్చు. దున్నకాలం వచ్చిందంటే చాలు, నాగలి పట్టినవాడు గెట్టు దగ్గరికి రాగానే, పక్క చేనులోంచి ఎవరో ఒకరు "వన్స్ మోర్" అని కేకేస్తారు. నాగలి తన సాలులోకి తను మళ్ళుకుంటుంది.