నాలుగో ప్రయత్నం, రెండు గజాలు

డెల్బర్ట్ క్రాస్నిక్‌కి అరవై మూడేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు హార్లన్ ఫోర్క్ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి డిఫెన్స్ నేర్పడంలోనే గడిచిపోయాయి. ఒహాయోలో ఆ ఊరు ఎంత చిన్నదైనా చర్చిలు మాత్రం ఏడున్నాయి. శుక్రవారం ఆట ఉందంటే మాత్రం ఏడు చర్చిలవాళ్ళదీ ఒకటే మతం.

జట్టు ఒకటే గాని అందులో కాపురాలు రెండు. బంతి పట్టుకుని ముందుకు దూసుకుపోయేవాళ్ళు దాడివాళ్ళు. అవతలివాళ్ళు దూసుకొస్తుంటే పట్టి పడేసేవాళ్ళు డిఫెన్స్‌వాళ్ళు. దాడివాళ్ళకి కోచ్ రూడీ మెంగెస్, డెల్బర్ట్ భార్య ఐరీన్‌కి తమ్ముడు. కప్పు గెలిపించేది దాడా, డిఫెన్సా అన్న తగువు బావా బావమరుదుల మధ్య పాతికేళ్ళకి పైగా నడుస్తోంది. కాకిపిల్ల కాకికి ముద్దు, ఎవరి పిల్లలు వాళ్ళకి గొప్ప.

రాష్ట్ర ఫైనల్‌కి రెండ్రోజుల ముందు, గురువారం సాయంత్రం, ఆటగాళ్ళ తల్లులు చర్చి కింది హాల్లో భోజనం పెట్టారు. డిఫెన్స్ పిల్లలు ముందు వడ్డించుకోవాలన్నది డెల్బర్ట్ ఎప్పుడో పెట్టిన ఆనవాయితీ. దాడివాళ్ళు తమ వంతు కోసం గోడవారన నిలబడి ఉన్నారు, వాళ్ళతోపాటు రూడీ కూడా, చేతిలో ఖాళీ పళ్ళెంతో.

"పాయింట్లు కొట్టేది మావాళ్ళు, ముందు మెక్కేది మీవాళ్ళు. ఏం న్యాయం బావా ఇది?"

"మీవాళ్ళు ఆడేది జనం చప్పట్లు కొట్టడానికిరా. మావాళ్ళు ఆడేది కప్పు ఇంటికి తేవడానికి."

"ఏదీ, ఆ తెచ్చిన కప్పులెక్కడున్నాయో చూపించు. పాపం దుమ్ము పట్టుంటాయి, తుడిచి పెడతా."

హాలంతా నవ్వింది. డెల్బర్ట్ కూడా నవ్వాడు గాని, ఆ మాట గుచ్చుకుంది. నాలుగుసార్లు ఫైనల్ దాకా వెళ్ళాడు, నాలుగుసార్లూ ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఇది ఐదోసారి, ఆఖరుసారి కూడా. ఈ ఆటతో విరమించుకుంటానని స్కూల్లో చెప్పేశాడు. ఆయనకి కావలసింది ఉత్త కప్పు కాదు. చివరి నిమిషంలో తన పిల్లలు అడ్డం నిలబడి కాపాడిన కప్పు కావాలి. అలాంటిది ఒక్కటి చేతికొస్తే తను జీవితమంతా చెప్పిన మాట నిజమని తేలుతుంది.

"ఏవయ్యా, తగువు తర్వాత పడుదురు గాని, నూడుల్స్ చల్లారిపోతున్నాయి," అంది ఐరీన్. వెన్నలో క్యాబేజీ వేసి వేయించిన నూడుల్స్ ఆమె చేస్తే ఊళ్ళో ఎవరూ వద్దనరు. ఇద్దరూ నోళ్ళు మూసుకుని తిన్నారు.

డెల్బర్ట్‌కి ఇంకో నియమం ఉంది. దాడివాళ్ళకుండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది అయిపోయిందంటే చాలు, ఎవరూ పిలవకముందే డిఫెన్స్ పదకొండుమందీ హెల్మెట్లు బిగించుకుని, మైదానం అంచున తెల్లగీత పక్కన, హెడ్ కోచ్ వీపు వెనకే వచ్చి నిలబడాలి. "పిలిస్తే వచ్చేవాడు చుట్టంరా, పిలవకముందే గుమ్మంలో ఉండేవాడు ఇంటివాడు," అని ప్రతి ఏడూ కొత్త పిల్లలకి చెప్పేవాడు. ఆ నియమం తప్పినవాణ్ణి మైదానం చుట్టూ పరిగెత్తించేవాడు. ఏళ్ళు గడిచేసరికి అది వాళ్ళకి ఊపిరి తీసుకోవడమంత అలవాటైపోయింది.

శనివారం మధ్యాహ్నం ఎండ ఉంది గాని వెచ్చదనం లేదు. ఎదుటి జట్టు వెస్ట్ బ్రాంట్లీ, డబ్బున్న ఊరు, ఒక్కొక్కడూ గుమ్మం పట్టనంత మనిషి. ఆట ఆఖరికొచ్చేసరికి హార్లన్ ఫోర్క్ నాలుగు పాయింట్లు ముందుంది. అంతకుముందు వెస్ట్ బ్రాంట్లీవాళ్ళు ఏకబిగిన తొమ్మిది నిమిషాలు బంతి తమ దగ్గరే ఉంచుకుని నెట్టుకొచ్చారు. డెల్బర్ట్ పిల్లలు తొమ్మిది నిమిషాలూ వాళ్ళ మీద పడి, లేచి, మళ్ళీ పడి, ఆఖరికి గోల్ గీత ముందే ఆపారు. జనం లేచి నిలబడి అరిచారు. డెల్బర్ట్ కళ్ళు చెమర్చాయి.

బంతి రూడీ పిల్లల చేతికొచ్చింది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోతే బంతి వాళ్ళదగ్గరే ఉంటుంది. రెండుసార్లు అంతకన్నా ఎక్కువే పోయి, నడిమైదానం దగ్గరికొచ్చి ఆగిపోయారు. ఈసారి మూడు ప్రయత్నాలూ అయిపోయాయి, రెండు గజాలు తక్కువపడ్డాయి. గడియారంలో ఇంకా నిమిషం పైన పది సెకన్లున్నాయి. ఇలాంటప్పుడు ఎవరైనా చేసే పని ఒకటే. బంతిని కాలితో దూరంగా తన్నేస్తారు, అవతలివాళ్ళని ఆ చివరినుంచి రమ్మంటారు, ఆపమని డిఫెన్స్‌ని దింపుతారు. అలా కాక ఆ రెండు గజాల కోసం తెగించి, అవి దక్కకపోతే, బంతిని అక్కడికక్కడే అవతలివాళ్ళ చేతిలో పెట్టాలి. దక్కితే మాత్రం మిగిలిన సమయమంతా బంతి తమదే, ఆట గెలిచినట్టే.

హెడ్ కోచ్ క్లేటన్ హోస్టెట్లర్ విరామం అడిగాడు. ముప్పై ఏడేళ్ళవాడు. ఒకప్పుడు డెల్బర్ట్ దగ్గరే ఆడినవాడు, ఇప్పటికీ ఆయన్ని "మీరు" అనే అంటాడు. కోచ్‌లిద్దర్నీ దగ్గరికి పిలిచాడు.

"తన్నించెయ్ క్లేటన్," అన్నాడు రూడీ.

డెల్బర్ట్ తన చెవుల్ని తానే నమ్మలేదు. రెండు గజాలేంటి, రెండు మైళ్ళయినా మావాళ్ళకే ఇవ్వమని ఇన్నేళ్ళూ గోలపెట్టిన మనిషి ఇతను. రూడీ మాత్రం బావ మొహంలోకి చూడకుండా, "ఆయనకిది ఆఖరాట. ఆయన పిల్లలకివ్వు," అన్నాడు.

"మీరేమంటారు కోచ్?" అన్నాడు క్లేటన్. "మీరు ఊఁ అంటే తన్నిస్తా."

ఇరవై ఆరేళ్ళుగా ఈ ప్రశ్న కోసమే ఎదురుచూశాడు డెల్బర్ట్. జవాబు నాలుక మీదే ఉంది. బావమరిది మీద అంత ప్రేమ ఆయనకి ఎప్పుడూ కలగలేదు. అయితే ఆయన కళ్ళు చూసింది వేరు. ఇందాక బంతి ఆపి వచ్చాక తన పిల్లలు నీళ్ళబల్ల దగ్గర ఎలా నిలబడ్డారో చూశాడు. కెప్టెన్ టేట్ లిండావర్ కుడి పిక్క తాడులా మెలిపడి అదిరింది, ఎవరూ చూడకుండా చేత్తో అదుముకున్నాడు. ఇంకొకడు నీళ్ళు తాగబోతే గ్లాసు నోటిదాకా రాలేదు. ఆ కాళ్ళు ఇంకో నిమిషం నిలవవు. ఇన్నేళ్ళు పిల్లల కాళ్ళు చూసినవాడికి ఆ మాత్రం తెలియదా?

"తన్నొద్దు," అన్నాడు. "మావాళ్ళ దగ్గర ఇంకేం మిగల్లేదు. దింపితే ఓడిపోతాం. రూడీ పిల్లలకివ్వు."

"బావా!" అన్నాడు రూడీ.

"నోరు మూసుకుని వెళ్ళి నీవాళ్ళకి చెప్పు."

అప్పుడు తిరిగి చూశాడు. పదకొండుమందీ హెల్మెట్లు బిగించుకుని, రెండడుగుల దూరంలో, ఆయన నేర్పిన చోటే నిలబడి ఉన్నారు. ఒక్క మాట కూడా వాళ్ళ చెవిన పడకుండా పోలేదు. కంచే చేను మేస్తుంటే చూసినట్టు చూస్తున్నారు ఆయన వంక.

ఆట మళ్ళీ మొదలైంది. ఒక పెద్ద గుట్టగా పడ్డారు అందరూ. కింద ఎవడున్నాడో, బంతెక్కడుందో తెలియలేదు. రిఫరీలు పది గజాల గొలుసు తెచ్చి నేల మీద సాగదీసి కొలిచారు.  బంతి ముక్కు గొలుసు చివరికన్నా జానెడు ముందుంది. అంతే, మిగిలిన సెకన్లన్నీ బంతి పట్టుకుని మోకాలి మీద కూర్చోవడంతోనే గడిచిపోయాయి. హార్లన్ ఫోర్క్ మొదటిసారి రాష్ట్ర ఛాంపియన్ అయింది.

రూడీ ఏడుస్తూ వచ్చి బావని వాటేసుకున్నాడు. "ఇప్పుడైనా ఒప్పుకుంటావా, దాడే..." అని మొదలుపెట్టి, డెల్బర్ట్ మొహం చూసి ఆగిపోయాడు. "వెళ్ళు బావా," అన్నాడు మెల్లగా. "వాళ్ళ దగ్గరికెళ్ళు."

మైదానం మధ్య అంతా ఎగురుతున్నారు. డిఫెన్స్ పిల్లల్లో చాలామంది నెమ్మదిగా వాళ్ళలో కలిశారు. టేట్ ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. డెల్బర్ట్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మేం ఆపేవాళ్ళం కోచ్," అన్నాడు టేట్, తలెత్తకుండానే.

"ఏమోరా."

"ఏమో ఏంటి? నాలుగేళ్ళు మీరే కదా చెప్పారు, కప్పు తెచ్చేది మేమేనని? ఒక్క నిమిషం నమ్మలేకపోయారా?"

డెల్బర్ట్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. క్లేటన్ మీదకి నెట్టేయొచ్చు. అవేవీ చెయ్యకుండా టేట్ పిక్క మీద చెయ్యేసి, ఇంకా అదురుతున్న ఆ కండని నెమ్మదిగా రుద్దడం మొదలుపెట్టాడు.

"నమ్మలేదు," అన్నాడు. "నీ కాలు చూశాక నమ్మలేదు. మిమ్మల్ని దింపి ఓడితే, జీవితాంతం అది మీ నెత్తిన ఉండేది. ఇప్పుడు నా మీద కోపం ఉంటుంది. ఇదే నయమనుకున్నా."

"దింపితే గెలిచేవాళ్ళమేమో."

"గెలిచేవాళ్ళేమో." రుద్దుతూనే అన్నాడు ఆయన. "ఆ సంగతి నాకిక ఎప్పటికీ తెలీదు టేట్. నీకెంత బాధో నాకూ అంతే బాధ."

టేట్ మొదటిసారి తలెత్తి ఆయన్ని చూశాడు. ఆయన ఏడుస్తున్నాడు, దాచుకోవడం లేదు. కాసేపటికి వాడు కాలు చాపి, ఇంకాస్త పైన నొప్పిగా ఉందన్నాడు. ఆయన అక్కడ రుద్దాడు.