పై సగంలో నాయన

గొంతు ఆపరేషన్‌తో మా నాయన దావీదురాజుకు మాట పోయింది. ఓర్వకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పయ్యేళ్లు ఉపదేశిగా వాక్యం చెప్పిన మనిషి. పలకా బలపం ఇస్తే చిన్నపిల్లాడినా అన్నట్టు చూసి పక్కన పెట్టేశాడు. నా ల్యాప్‌టాప్ మీద మాత్రం మనసు పడ్డాడు.

నేను ఇంటి నుంచే ఒక బెంగళూరు కంపెనీకి పని చేసేదాన్ని. మా ఊళ్లో కరెంటును నమ్మలేం కాబట్టి పనంతా కంపెనీ సర్వర్ మీద, తెర మీద తెరుచుకునే ఒక నల్ల కిటికీలో నడిపేదాన్ని. లైను తెగినా అందులో రాసింది చెరగదు, మళ్లీ కలిపితే ఆగిన చోటే ఉంటుంది. ఆ కిటికీని రెండుగా చీల్చి కింది సగం నేను ఉంచుకుని పై సగం నాయనకిచ్చాను.

నేను ఫోన్ మీటింగుల్లో ఉన్నప్పుడు ఆయన వచ్చి కూర్చునేవాడు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాడు. అది ఆదేశాలు మాత్రమే తెలిసిన కిటికీ. ఆయన ఏది రాసినా కింద 'అలాంటి ఆదేశం లేదు' అని జవాబిచ్చేది. మొదట్లో ఇద్దరం నవ్వుకున్నాం. 'ఇది మన సంఘంలో కొందరి మాదిరే ఉండాది' అని రాశాడొకసారి. దానికీ అదే జవాబు.

మొదటి నెల అన్నీ చదివాను. తర్వాత పని ముంచుకొచ్చింది. మీటింగు నుంచి లేచొచ్చి, చూస్తాలే నాయనా అని, నా సగంలో పడిపోయేదాన్ని. మూడో నెలలో ఆయన పోయాడు.

మా సంఘంలో ఆదరణ కూడిక నాడు పోయినవాళ్ల చివరి మాటలు చదువుతారు. ఒక్కో మాటకు సంఘమంతా ఆమేన్ అంటుంది. కూడిక ఆదివారం. ఆ సర్వర్‌ను కంపెనీ శనివారం సాయంత్రం ఐదింటికి శాశ్వతంగా ఆపేస్తోంది. దాని నుంచి ఫైళ్లు బయటికి తీసే దారి ఎప్పుడో మూసేశారు.

నాయన పోయాక ముట్టని ల్యాప్‌టాప్‌ను శనివారం మధ్యాహ్నం తెరిచాను. మౌసు పట్టి ఆయన మాటలన్నీ కింది నుంచి పైదాకా లాగాను. అన్నీ పసుపు రంగుకు తిరిగాయి. వేలు వదిలితే పసుపు పోయింది. కాపీ అయిందనుకున్నాను. సంఘపెద్ద లేవికి వాట్సాప్‌లో అతికించి, కళ్లలో నీళ్లతో చూసుకోకుండానే పంపేశాను. ఆయన నందికొట్కూరులో అచ్చు వేయించాలి.

నాలుగూ నలభైకి లేవి ఫోన్ చేశాడు. "జీవితమ్మా, నువ్వు పంపిన దాంట్లో ఒక్క ముక్కే ఉండాది. 'నాన్నగారికి ఇప్పుడు పర్వాలేదు, నాకు లీవు అవసరం లేదు' అని. ఇది మీ నాయన మాటేనా?"

కాదు, నా మాట. ఆయన పోవడానికి వారం ముందు మా మేనేజరుకు రాసింది. ల్యాప్‌టాప్‌లో పాత కాపీగా మిగిలిన ఆ ముక్కే అతుక్కుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

నాతో పని చేసే పవిత్రకు ఫోన్ కొట్టాను. మౌసుతో ఏరినదాన్ని ఆ కిటికీ తన జేబులోనే దాచుకుంటుందట, మన కంప్యూటర్‌కు ఇవ్వదట. షిఫ్ట్ నొక్కి పట్టుకుని లాగి కాపీ చేస్తే ఇస్తుంది, అదీ తెర మీద కనిపించినంతే. చివరి నుంచి మొదలుపెట్టాను. పదిహేను వరసలు లాగడం, అతికించడం, పైకి జరపడం. ఫోన్‌తో ఫోటోలు తీయొచ్చన్న తెలివి మర్నాటికి గానీ రాలేదు. ఐదింటికి కిటికీ బిగుసుకుపోయింది. మూడు నెలల మాటల్లో పందొమ్మిది రోజులవి దక్కాయి.

అవి నేను చదవని రోజులే.

రాత్రి మా అమ్మ విశ్వాసమ్మ చదివి వినిపించమంది. వినిపించాను. 'జీవితా, పని ఐపోతే ఇట్ల జూడమ్మా' అని నాలుగు రోజులు వరసగా రాసి ఉంది. నాలుగుసార్లూ దాని కింద, అలాంటి ఆదేశం లేదు. ఐదో రోజు, 'ఏం పర్లేదు. నువ్వు పని జేసుకో.'

యంత్రం మాటలు తీసేస్తానని అమ్మతో అన్నాను. "తీసెయ్. ఆ జాగాలో రేపు సంఘం పలుకుతాది," అంది.

ఆదివారం గుడి నిండింది. నేనే చదివాను. ఆకలి లేదన్న మాటకూ, నొప్పి తగ్గిందన్న అబద్ధానికీ, లేవికి తన గొడుగు ఇమ్మన్న మాటకూ ఆమేన్ అన్నారు. 'జీవితా, పని ఐపోతే ఇట్ల జూడమ్మా' దగ్గరికి వచ్చాను. దానికి ఏమనాలో ఎవరికీ తోచలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

కాగితం దించి, బల్ల మీదున్న ఆయన ఫోటో వైపు తిరిగాను.

"చూస్తాండా నాయనా," అన్నాను.

అందరికంటే ముందు మా అమ్మ ఆమేన్ అంది.