ఇటుకల పండగ నాటి పరీక్ష

పశువుల పాకలో పేడ ఎత్తుతూ ఫల్గుణ బడ్జెట్ ప్రక్రియలోని దశలను అప్పజెప్పుకుంటున్నాడు. తయారీ, ఒక తట్ట. ఆమోదం, ఇంకో తట్ట. అమలు దగ్గరికి వచ్చేసరికి ఎర్రావు కాలు ఝాడించింది. తర్వాతి దశ చటుక్కున జారిపోయింది. ఎంత తన్నుకున్నా తిరిగి రాలేదు.

నలభై దాటిన మనిషి. పొట్టి, గట్టి ఒళ్ళు. ముందు జుట్టు పలచబడింది. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. మండల ఆఫీసులో అటెండరుగా ఏళ్ళ తరబడి ఫైళ్ళ కట్టలు మోసిన భుజం అది. ఆ ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి ఎందుకు పోతుందో, అక్కడ ఎందుకు ఆగిపోతుందో తెలుసుకోవాలని దూరవిద్యలో బీఏ చదివాడు. తెలిసింది చాలక పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎమ్మే కట్టాడు. అన్ని పేపర్లూ పాసయ్యాడు, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ సరిగ్గా చైత్రంలో, మన్యంలో వేట పండగైన ఇటుకల పండగ రోజుల్లోనే వచ్చిపడేది. పండగకి మగవాళ్ళందరూ విల్లంబులు పట్టుకుని వేటకు పోవాలి. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు కట్టి, పాటలు పాడుతూ వచ్చేపోయే బళ్ళను ఆపుతారు. వేట మానేసి తిరిగే మగాడు దొరికితే ఒంటి మీద పేడనీళ్ళు. వట్టి చేతులతో తిరిగొచ్చినా పేడనీళ్ళే. కిందటి రెండుసార్లూ ఫల్గుణ ఆ సిగ్గుకు జడిసి పరీక్ష ఎగ్గొట్టి అడవికి పోయాడు. ఈసారీ ఎగ్గొడితే గడువు ముగుస్తుంది. చదివిందంతా వృథా.

అందుకే పథకం వేశాడు. ఎవరికీ చెప్పలేదు, పెళ్ళాం రాజకుమారికి కూడా.

పరీక్ష నాడు పొద్దున్నే అందరితో కలిసి కొండెక్కాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, కవర్లో హాల్‌టికెట్టు, పెన్ను. గుట్ట మలుపులో కాలికి ముల్లు గుచ్చుకుందని కూలబడ్డాడు. గుంపు ముందుకు సాగిపోయింది. అంతే. వెనక వాలులో కాఫీ తోటల గుండా పరుగు. కొమ్మలు మొహానికి కొట్టుకున్నాయి. రోడ్డు కనబడింది. అరకు జీపు హారను వినబడింది. చెయ్యెత్తి, లోపలికి దూరాడు.

ఒక్కటే తప్పు చేశాడు. విల్లు వెంట తెచ్చాడు. ఊరి దేవుడి ముందు పెట్టి పూజ చేసిన విల్లు. తుప్పల్లో పారేయడానికి చేతులు రాలేదు. దాని కొస జీపులోంచి బయటికి పొడుచుకుని ఉంది.

మలుపు తిరిగేసరికి వెదురు బొంగు. బొంగు వెనక తమ ఊరి ఆడవాళ్ళు.

"దిగరా వేటగాడా!" అంది సోములమ్మ. అందరికంటే పెద్దది, ఫల్గుణకు మేనత్త. "జీపెక్కి ఏ పందిని కొట్టడానికెల్తన్నావు?"

జీపంతా గొల్లున నవ్వింది.

"అత్తా, పదింటికి పరీచ్చుందే. ఈసారి రాయకపోతే మరింక రాయనివ్వరు."

"ఈ వయసులో పరీచ్చేటిరా? సిన్న గుంటలు నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. బేగి వొగ్గీ అత్తా!"

"నిన్ను వొగ్గుతాం. ఆనవాయితీని వొగ్గం. ఏదే, ఈడి పెల్లాం? తొలి కుండ దానిదే."

రాజకుమారి పేడనీళ్ళ కుండ పట్టుకుని ముందుకొచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"నాతో సెప్పకుండా ఎల్లిపోతావేటి?"

"సెప్తే ఆపుతావని..."

"ఆపుతానో పంపుతానో అడిగి సూడాల కదా." ఆమె కళ్ళు అతని జేబు మీద ఆగాయి. "అందులోది తీసి నెత్తిన పెట్టుకో."

ఫల్గుణ కవరు తీసి రెండు చేతులతో తలపైన పట్టుకున్నాడు. రాజకుమారి గురి చూసి కుండలో నీళ్ళు చిమ్మింది. గుండెల నుంచి కాళ్ళ దాకా తడిసింది. కవరు మీద చుక్క పడలేదు. తర్వాత మిగతావాళ్ళు వంతులేసుకున్నారు. ఆమె మాత్రం పక్కనే నిలబడి, ఎవరి చెయ్యి పైకి లేచినా కిందికి లాగింది.

బొంగు లేచింది. "సాయంత్రం వట్టి సేతుల్తో వచ్చావో, ఇంకో కుండుంది!" అని సోములమ్మ వెనక నుంచి కేకేసింది.

అరకు కాలేజీ కుళాయి కింద ఎంత కడిగినా వాసన పోలేదు. ఇన్విజిలేటరు దుర్గాప్రసాద్ ముక్కు మూసుకోబోయి ఆగాడు.

"పండగా?"

"అవునండి."

"విల్లు లోపలికి కుదరదయ్యా."

సెల్‌ఫోన్లు పెట్టే బల్ల మీద విల్లు పడుకుంది. ఫల్గుణకు కిటికీ పక్కన బెంచీ దొరికింది.

ప్రశ్నపత్రం తెరిచాడు. మొదటిదే బడ్జెట్ ప్రక్రియ. తయారీ, ఆమోదం, అమలు... మళ్ళీ అక్కడే ఆగింది పెన్ను. పక్కవాళ్ళు పేజీలు తిప్పుతున్నారు. ఉన్నట్టుండి రోడ్డు మీద నడుముకు చెయ్యానించి నిలబడ్డ అత్త కళ్ళముందు మెదిలింది. ఏం చేశావు, ఏం తెచ్చావు, చూపించి కదులు! ఆడిట్! ఆ తర్వాత పెన్ను ఆగలేదు. చివరి గంట మోగాక కాగితాలు లాక్కోవలసి వచ్చింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి వేటగాళ్ళంతా రోడ్డు పక్కన పేడనీళ్ళలో తడిసి కూర్చున్నారు. అడవిలో వేట పేరుకే మిగిలి చాలాకాలమైంది. ఒక్కడికీ ఏమీ దొరకలేదు.

"ఏటి తెచ్చావు?" సోములమ్మ కుండ ఎత్తింది.

ఫల్గుణ ప్రశ్నపత్రం తీశాడు. సోములమ్మ మనవరాలు సోని, ఇంటర్ చదువుతున్న గుంట, అందుకుని పైకి చదివింది. "పరిపాలనలో ప్రజల భాగస్వామ్యం ఆవశ్యకతను చర్చించండి..."

"అంటే ఏటే?"

"అందరూ కలిసి పెత్తనం సెయ్యడం, మామ్మా."

"మనం రోడ్డుకి బొంగు కట్టినట్టా?"

"అదే రాసినానత్తా," అన్నాడు ఫల్గుణ.

"అన్నీ రాసేసినావా? ఒక్కటీ తప్పించుకోలేదా?"

"ఒక్కటీ లేదు."

సోములమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళతో నిమిరింది. కుండ కింద పెట్టేసింది.

"ఓలమ్మా, ఈడు పరీచ్చని కొట్టేసినాడర్రా! ఇది దాని తోలు!"

డప్పు మోగింది. రాజకుమారి పసుపు తెచ్చి ముందు మొగుడి నుదుట, తర్వాత కాగితం మీద బొట్టు పెట్టింది. ఆడవాళ్ళు నడుముల వెనక చేతులు కలిపి థింసా కట్టారు. మధ్యలో ఫల్గుణ, పేడకంపు కొడుతూ, ఎడమ భుజం కూడా నిటారుగా లేపి ఆడాడు. వట్టి చేతుల వేటగాళ్ళు ఈలలేశారు.

వానల్లో ఫలితాలొచ్చాయి. పాసయ్యాడు. చలికాలంలో ప్రమోషనిచ్చి జూనియర్ అసిస్టెంటుగా పాడేరుకు వేశారు. మంచు విడవని ఒక పొద్దున మొగుడూ పెళ్ళాం ట్రంకుపెట్టెతో జీపెక్కారు. ఆ రోజు రోడ్డు మీద ఎవరూ ఆపలేదు.

సోములమ్మ వసారాలో, తాతల నాటి దుప్పి కొమ్ముల పక్కన, బాణం ములికితో దూలానికి గుచ్చిన ఆ కాగితం పొయ్యి పొగకు నల్లబడుతోంది. పసుపు బొట్టు మాత్రం ఇంకా కనబడుతూనే ఉంది.